సంచి మీద పేరు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



కమిటీవాళ్ళు నన్ను ‘వ్యాపారంలో విజయం’ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మా ఆవిడ నవ్వింది. మాది కడియపులంక దగ్గర అరెకరం కౌలు నేలలో నడిచే చిన్న నర్సరీ. మొక్కలతో పాటు వర్మీ కంపోస్టు, వేపపిండి, కొబ్బరి పొట్టు, కూరగాయల విత్తనాలు సంచుల్లో కట్టి అమ్ముతాం. పనివాళ్ళు అయిదుగురు. దీనికి విజయం అన్న పేరు ఎక్కువ. అందుకని ఆ విషయం వదిలేసి, గత నాలుగేళ్ళుగా నా నిద్ర చెడగొట్టిన ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. సంచి. అంతే.

మన ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. కడియం, కడియపులంక, వేమగిరి రోడ్డు పొడుగునా నర్సరీలే. నర్సరీ అంటే మొక్క ఎంతో నల్ల పాలిథిన్ సంచి అంత. మొక్క పెరిగితే చిన్న సంచి చింపి పెద్ద సంచిలోకి మారుస్తాం. చింపిన సంచి ఎక్కడికి పోతుంది? నేను ఎప్పుడూ ఆలోచించలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చాక హైదరాబాదు, విశాఖపట్నం, బెంగుళూరుల్లో మిద్దె తోటలు పెంచేవాళ్ళు ఎక్కువయ్యారు. మా వర్మీ కంపోస్టుకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అయిదు కిలోల ప్లాస్టిక్ సంచి, దాని మీద ఆకుపచ్చ రంగులో మొక్క బొమ్మ, కింద నా పేరు, ఫోన్ నంబరు. ఆ సంచి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. పేరు అచ్చులో చూసుకోవడం పదో తరగతి హాల్ టికెట్ తరవాత అదే.

2021 మే నెల. ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశారు. మీకు తెలుసు, ఏటా ఎండాకాలంలో నీళ్ళు ఆపి పూడిక తీస్తారు. ఒకరోజు పొద్దున్నే మన సైన్సు మాస్టారు సైకిలు మీద వచ్చారు. (మాస్టారూ, పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. కానీ మీరు రెండో కుర్చీలో ఉన్న సంగతి అందరికీ తెలుసు.) ఆయన పొలం శివారు ఆయకట్టులో. పై వాళ్ళందరూ వాడుకున్నాక మిగిలిన నీళ్ళే ఆయనకి. సైకిలు వెనక ఒక తట్ట కట్టుకొచ్చారు. తట్టలో బురద పట్టిన సంచులు, ఎక్కువ నల్లవి. అవి ఎవరివో చెప్పలేం. మూడు మాత్రం ఆకుపచ్చ బొమ్మవి. ఒకదాన్ని తుండుగుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు.

“మా బోదె తూములో అడ్డం పడ్డాయిరా. రంగు కూడా పోలేదు. కుళ్ళదని తెలిసే దాని మీద పేరు వేయించుకున్నావా?” అన్నారు.

తిట్టలేదండి. తిడితే బావుండేది. మంచినీళ్ళు తాగి, మా అమ్మానాన్నల ఆరోగ్యం అడిగి వెళ్ళిపోయారు. ఆ సంచి ఇప్పటికీ మా కొట్లో మేకుకి వేలాడుతోంది.

తెల్లారి నుంచీ మారిపోదామనుకున్నాను. నాకు తెలియనిదేమిటంటే, సంచి మార్చాలంటే ముందు సరుకు గురించి నేర్చుకోవాలని. అది నేర్చుకోవడానికి రెండేళ్ళు, లక్షా ఎనభై వేలు పట్టింది.

మొదటి తెలివితక్కువ పని ‘బయోడిగ్రేడబుల్’ అని రాసున్న సంచులు కొనడం. అమ్మినాయన, పేరు అనవసరం, “ఎండకి ఆర్నెల్లలో మాయమైపోతుందండి” అన్నాడు. రేటు మామూలు సంచికి రెట్టింపు. నాలుగు వేలు కొన్నాను. నిజంగానే ఎండకి పెళుసుబారింది. కానీ మాయమవలేదు, గోరంత ముక్కలైంది. గాలికి ఆ ముక్కలు పెంటపోగుల్లో, వానపాముల తొట్లలో పడ్డాయి. మునుపు ఒక్క సంచి ఏరితే అయిపోయేది, ఇప్పుడు వెయ్యి ముక్కలు ఏరాలి. ఏరలేం కూడా. మా దగ్గర పనిచేసే అమ్మాయి జల్లెడ పట్టీ పట్టీ విసిగి, “ఇదేదో పాతదే నయం కదండీ” అంది. ఆమె మాట నిజం. ముక్కలవడం వేరు, మట్టిలో కలవడం వేరు.

తరవాత ఇంకో రకం చూశాను. ‘కంపోస్టబుల్’ అన్నది. దీనికి ఐ.ఎస్. 17088 అని ఒక ప్రమాణం ఉంది, అమ్మేవాళ్ళకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఇది మోసం కాదు, నిజంగా కుళ్ళుతుంది. ఎక్కడ అంటే, 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్టు యూనిట్లో. నేను ఒకటి తెచ్చి మా వానపాముల తొట్లో పాతిపెట్టి, కర్ర గుచ్చి గుర్తు పెట్టాను. ఆర్నెల్ల తరవాత తీస్తే కడిగి మళ్ళీ వాడుకునేట్టుంది. తప్పు సంచిది కాదు. వానపాముల తొట్టి అంత వేడెక్కితే ముందు పాములు చస్తాయి. చల్లగా ఉంచడమే మన పని. ఇక మాస్టారి బోదెలో చల్లటి బురదలో పడితే అది ఎన్నాళ్ళుంటుంది? మీ ఊళ్ళో అలాంటి యూనిట్ ఉండి, తడి చెత్తతో పాటు ఆ సంచీ అక్కడికి చేరే ఏర్పాటు ఉంటే కొనండి. మాకు లేదు.

అప్పుడు కాగితం మీద పడ్డాను. మట్టిరంగు క్రాఫ్ట్ కాగితం సంచి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మన బ్యాచ్‌వాడే రాజమండ్రిలో ప్రెస్సు నడుపుతున్నాడు, పాత స్నేహం కొద్దీ అప్పు మీద అచ్చేసి ఇచ్చాడు. 2022 జూలైలో హైదరాబాదు కొట్టుకి మొదటి లోడు, అరవై సంచులు పంపించాను. ముసురు రోజులు. మర్నాడు సాయంత్రం కొట్టాయన ఫోను. అరవైలో నలభై ఒకటి అడుగు ఊడిపోయాయి. పక్కన వేరే వాళ్ళ బట్టల పార్సిళ్ళు ఉన్నాయట, వాటి మీదంతా కంపోస్టు. ఆ నష్టం నేనే కట్టాను. “నీ కాగితం సరదా నా మీద తీర్చుకోకు” అని ఆయన ఆర్నెల్లు సరుకు తీసుకోలేదు. అప్పటికి మా అమ్మకంలో మూడోవంతు ఆయనదే. ఆ నెల జీతాలు ఇవ్వడానికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. ఈ మాట సభలో చెప్పొద్దంది, చెప్పేశాను.

నేను వానని తిట్టుకున్నాను. లారీని తిట్టుకున్నాను. ఆవిడ మాత్రం చిరగని సంచులు తెప్పించి, లోపలి కంపోస్టు వంద గ్రాములు తూచి, మూకుట్లో పోసి సన్న సెగ మీద బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టింది. మళ్ళీ తూస్తే అరవై రెండు గ్రాములు. అంటే నూటికి ముప్పై ఎనిమిది పాళ్ళు నీళ్ళు. ప్రభుత్వ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీ కంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. ఇన్నాళ్ళూ మేము నీళ్ళు అమ్ముతున్నాం. ప్లాస్టిక్ సంచి ఆ సంగతి దాచిపెట్టింది, కాగితం బయటపెట్టింది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మాకు అసలు దారి దొరికింది ఇక్కడే. కంపోస్టులో ప్రాణం ఉన్న సూక్ష్మజీవులుంటాయి. వాటికి గాలి కావాలి. తడి కంపోస్టుని ప్లాస్టిక్‌లో బిగించి అతికిస్తే లోపల గాలి అయిపోయి పుల్లటి కంపు వస్తుంది. అందుకే సంచికి సూది బెజ్జాలు పెట్టేవాళ్ళం, ఆ బెజ్జాల్లోంచి నీళ్ళు కారేవి. కాగితానికి ఆ బాధ లేదు, అదే గాలి పీలుస్తుంది. అయితే తడిసిన కాగితానికి బలం ఉండదు. కాబట్టి ముందు కంపోస్టుని నీడలో పరిచి, రోజూ తిరగేసి, 20 శాతానికి తేవాలి. మరీ ఎండబెడితే సూక్ష్మజీవులు చస్తాయి, పిండిలా దుమ్ము లేస్తుంది. చేత్తో ముద్ద చేస్తే ముద్దవ్వాలి, వేళ్ళతో తడితే విడిపోవాలి. నీరు కారకూడదు. రేకుల షెడ్డు ఒకటి వేసి, కింద గచ్చు చేయించాం. ఖర్చు సంచికి కాదు, షెడ్డుకి అయింది.

సంచి కూడా మార్చాం. ఒక్క పొర తీసేసి రెండు పొరలు, ఒక్కోటి వంద జి.ఎస్.ఎం. కాగితం. అడుగు జిగురుతో అతికించడం మానేసి నూలు దారంతో మిషను కుట్టు. చిరిగేది ఎప్పుడూ కుట్టు దగ్గరో మడత దగ్గరో గాని మధ్యలో కాదు. ఇంకోటి, అయిదు కిలోల సంచిని నాలుగు కిలోలు చేశాం.

దీని మీద పెద్ద గొడవైంది. “రేటు అదే ఉంచి కిలో తగ్గించావేంటయ్యా, కాగితం పేరు చెప్పి దోచుకుంటావా” అన్నారు కొనేవాళ్ళు. మన లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దుతారు. పాత అయిదు కిలోల్లో 38 శాతం నీళ్ళు పోతే మిగిలే అసలు సరుకు మూడు కిలోల నూరు గ్రాములు. కొత్త నాలుగు కిలోల్లో 20 శాతం పోతే మూడు కిలోల రెండొందలు. కొత్త సంచిలోనే నూరు గ్రాములు ఎక్కువ. ఈ లెక్క సంచి వెనక అచ్చేశాం. సగం మంది చదివారు. మిగతా సగం మంది పక్క నర్సరీకి వెళ్ళారు, వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. రాని వాళ్ళూ ఉన్నారు. పార్సిలు బరువు తగ్గడంతో రవాణా ఖర్చు తగ్గింది, అదే మమ్మల్ని నిలబెట్టింది. పాత సంచి ఆరు రూపాయలు, కొత్తది పద్నాలుగు. ఆ ఎనిమిది రూపాయల తేడాని నీళ్ళు మొయ్యకపోవడం వల్ల మిగిలిన కిరాయి చాలావరకు పూడ్చింది.

కాగితంతో ఒక చిక్కు చెప్పాలి, ఎవరైనా ఈ పని మొదలుపెడితే పనికొస్తుంది. కంపోస్టు కాగితంలో ఉంటే కొట్లో కూడా ఆరుతూనే ఉంటుంది. నెల తరవాత తూస్తే నాలుగు కిలోలుండదు. కానీ ప్యాకెట్ మీద నికర బరువు, ఎం.ఆర్.పి., తయారైన నెల రాయాలి, రాసిన బరువు లోపల ఉండాలి. తూనికల శాఖ వాళ్ళు వచ్చి తక్కువ తూగితే మన ధర్మబుద్ధి లెక్కలోకి రాదు. అందుకని ప్రతి సంచిలో 150 గ్రాములు ఎక్కువ పోస్తాం. కొట్లకి ఒకేసారి ఎక్కువ పంపం.

ఇక మిగతా సరుకులు. అన్నిటికీ ఒకే సంచి అన్న పట్టుదల వదిలేశాను. వేపపిండిలో నూనె ఉంటుంది, కాగితానికి మరక కట్టి మెత్తబడుతుంది. దానికి లోపల పల్చటి గుడ్డ సంచి, మీద కాగితం. కొబ్బరి పొట్టు ఇటుకలకి సంచే అక్కర్లేదు, చుట్టూ కాగితం పట్టీ చాలు. ఇన్నాళ్ళూ దానికి ప్లాస్టిక్ ఎందుకు చుట్టామో మాకే తెలియదు.

విత్తనాల దగ్గర మాత్రం నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. బెండ, గోరుచిక్కుడు, తోటకూర గింజలు కాగితం కవర్లలో వేసి అమ్మాను. వానాకాలంలో మన గోదావరి గాలిలో ఉండే తడి మీకు తెలుసు, ఉప్పు డబ్బా కూడా చెమ్మగిల్లుతుంది. గింజకి తేమే శత్రువు. ఉల్లి విత్తనం మరీ సుకుమారం, బాగా దాచినా ఏడాది దాటితే నమ్మలేం. కాగితంలో పెట్టిన ఉల్లి విత్తనం మూడు నెలలకే సరిగా మొలవలేదు. ఒక పెద్దావిడ బెంగుళూరు నుంచి ఫోను చేసి, “బాబూ, నారుమడి పోసుకుని ఇరవై రోజులు ఎదురుచూశాను” అన్నారు. కోప్పడలేదు పాపం. మొలవని గింజని పర్యావరణానికి మంచిదైన కవర్లో అమ్మితే అది మంచిపనా? ఇప్పుడు గింజల్ని తేమ పీల్చే సిలికా జెల్ వేసిన స్టీలు డబ్బాల్లో దాచి, వారానికి సరిపడా మాత్రమే కాగితం కవర్లలోకి మారుస్తున్నాం. ఉల్లికి మాత్రం అల్యూమినియం రేకు కవరే వాడుతున్నాను. సిగ్గుపడటం లేదు.

మొక్కల పార్సిళ్ళకి దారి చూపించింది మా నాన్న. నల్ల సంచులు రాని రోజుల్లో అంటుమొక్కని మట్టిగడ్డతో తవ్వి, వరిగడ్డి చుట్టి, పురికొసతో కట్టేవారట. నేను ఇంటర్నెట్‌లో తెగ వెతుకుతుంటే, మంచం మీంచి చూసి, “మేం చేసిందే కదరా” అన్నారు. గడ్డి పార్సిల్లో మరీ లావుగా వస్తోంది. మన పూల మార్కెట్లో పూలు కట్టే అరటి దొప్ప గుర్తొచ్చింది. అరటి తోటలకి మనకేం కొదవ? వేళ్ళకి తడి కొబ్బరి పొట్టు పెట్టి, చుట్టూ దొప్ప చుట్టి, అరటి నారతో కట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి పంపాం. హైదరాబాదు రెండు రోజుల్లో చేరింది, మొక్క నవనవలాడుతూ ఉంది. బెంగుళూరు నాలుగు రోజులు పట్టింది, దొప్పకి బూజొచ్చింది. ఇప్పుడు దూరాలకి కొబ్బరి పీచు కుండీ, దగ్గరకి దొప్ప. పెట్టెకి ప్లాస్టిక్ టేపు మాని కాగితం టేపు వేస్తున్నాం, దాన్ని తడి చేసి అంటించాలి, పనివాళ్ళకి ఇంకా చిరాగ్గానే ఉంది.

నర్సరీ మొత్తం నల్ల సంచులు మానేశానా అని అడుగుతారు. లేదండి. పెద్ద మొక్కలకి ఇంకా అవే. అయితే చింపడం మానేశాం, అడుగు తట్టి మొక్కని బయటికి లాగి, సంచి కడిగి రెండుమూడు సార్లు వాడుతున్నాం. దానికోసం మందమైనవి కొంటున్నాం. చేతి సంచుల విషయంలో ప్రభుత్వమే 2021 సెప్టెంబరు నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలంది. నర్సరీకొచ్చిన వాళ్ళకి ఆ చేతి సంచి ఇవ్వడం కూడా ఆపేశాం. పాత అట్టపెట్టె ఇస్తాం, లేకపోతే వాళ్ళ సంచి వాళ్ళు తెచ్చుకుంటారు.

తోటలకి టోకున వేసే కంపోస్టు నలభై కిలోల ప్లాస్టిక్ గోతాల్లోనే వెళ్తుంది. జనపనార గోనె పెట్టి చూశాను, తడి కంపోస్టుకి గోనె చీకిపోయింది, ఖరీదు కూడా ఎక్కువ. గోతానికి ఇరవై రూపాయలు డిపాజిట్ పెట్టి, తిరిగి తెస్తే ఇచ్చేస్తున్నాం. పదింటిలో ఏడు దాకా తిరిగొస్తున్నాయి.

పోయిన ఎండాకాలం కాలువలు కట్టేశాక నేనే మాస్టారి పొలానికి వెళ్ళాను. ఆయన పంచె ఎగ్గట్టి, నేను ప్యాంటు మడిచి, తూము దగ్గర బురదలో దిగాం. నల్ల సంచులు మామూలే. ఆకుపచ్చ బొమ్మవి రెండు దొరికాయి. “ఇవి పాతవేలే, వదిలెయ్యి” అన్నారు మాస్టారు. నేను కడిగి నెల చూశాను. ఒకటి 2020ది. రెండోది సంచి కాదు, గోతాం ముక్క. దాని మీద ఉన్నది 2023 నవంబరు. అది ఏ తోటకి వెళ్ళిందో రాసుకునే పుస్తకం మా దగ్గర అప్పుడు లేదు. ఇప్పుడు గోతాలకి నంబర్లు వేస్తున్నాం, డిపాజిట్ నలభై చేశాం. ఈ మే నెలలో మళ్ళీ దిగుతాం. మన బడి పిల్లలు కూడా వస్తామన్నారు, హెడ్మాస్టారు ఒప్పుకుంటే.

పది నిమిషాలు దాటినట్టుంది, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తలా ఒక మొక్క ఇస్తాం. కొబ్బరి పీచు కుండీలో ఉంటుంది, కుండీతోనే పాతండి, తియ్యొద్దు. అడుగు కొంచెం చింపండి. కుండీ అంచు మట్టి పైకి తేలకుండా చూసుకోండి, తేలితే అది వత్తిలాగా తడినంతా పైకి లాగేసి వేళ్ళు ఎండిపోతాయి. సంచి అడక్కండి, ఇవ్వం.